తెల్లవారుజామున పరుగుకు ముందు అంబలా, అరటిపండా?

అనంతపురంలో వేసవి మొదలైందంటే ఏడింటికే ఎండ చురుక్కుమంటుంది. పరిగెత్తేవాళ్లు ఐదింటికల్లా రోడ్డెక్కాల్సిందే. అంటే లేచేది నాలుగున్నరకు. ఆ అరగంటలో ఏం తినాలి, ఏం తాగాలి? ఇంట్లో అవ్వ రాగి అంబలి తాగి పొమ్మంటుంది. తోటి కుర్రాళ్లు అరటిపండు చాలంటారు. ఒకరు కాఫీ పడందే గడప దాటరు, ఇంకొకరు నీళ్లు కూడా ముట్టరు.

నా మాట ముందే చెప్తాను. చేతిలో అరగంటే ఉంటే అరటిపండే మేలు. అంబలి అంతకంటే గొప్ప ఆహారమే, కానీ దాని వేళ వేరు.

రాత్రంతా మనం నిద్రపోతున్నా మెదడుకు చక్కెర కావాలి. దాన్ని అందించేది కాలేయం. అందుకే తెల్లారేసరికి కాలేయంలో నిల్వ బాగా తగ్గిపోతుంది. కండరాల్లోని నిల్వ మాత్రం దాదాపు అలాగే ఉంటుంది. రాత్రి కడుపునిండా సంగటి తిన్న మనిషి పొద్దున నాలుగైదు కిలోమీటర్లు నింపాదిగా పరిగెత్తడానికి ఆ నిల్వే సరిపోతుంది. గ్లాసుడు నీళ్లు తాగి వెళ్తే చాలు. పరుగు గంట దాటేట్టున్నా, వేగంగా రౌండ్లు కొట్టాలన్నా మాత్రం లోపల ఏదో ఒకటి పడాలి.

అక్కడే అరటిపండు గెలుస్తుంది. ఒక మాదిరి పండులో సుమారు 100 కేలరీలు, 25 గ్రాముల పిండిపదార్థం ఉంటాయి. కొవ్వు లేనట్టే, పీచు కొంచెమే. కాబట్టి కడుపులో ఎక్కువసేపు కూర్చోదు. అయితే పచ్చిదనం పోని కాయ వద్దు. అందులోని పిండి ఇంకా చక్కెరగా మారి ఉండదు, కొందరికి గ్యాస్ పట్టి పొట్ట బిగుసుకుంటుంది. తొక్క మీద మచ్చలు పడిన పండు తీసుకోండి. ఉదయం తినే అలవాటు లేనివాళ్లు సగం పండుతో మొదలుపెట్టొచ్చు. మన జిల్లాలోనూ, అటు పులివెందుల వైపూ తోటలకు కొదవ లేదు, ఏడాది పొడుగునా దొరుకుతుంది.

ఇక అంబలి. 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. ఇంకే ధాన్యంలోనూ అంత ఉండదు. కానీ పీచు ఎక్కువ, పైగా మనం తాగేది చెంబెడు. అది అరగంటలో అరగదు. పరుగు తీస్తుంటే కడుపులో గడబిడ, పక్కలో పోటు మొదలవుతాయి. గంటా గంటన్నర ముందు లేచే ఓపిక ఉంటే పలచగా ఒక చిన్న గ్లాసు తాగొచ్చు. పాలు పోసిన రాగి మాల్ట్ అయితే ఇంకా ఆలస్యం, పాలు పడనివాళ్లకు మరీ ఇబ్బంది.

పరుగయ్యాక మాత్రం అంబలిని మించింది లేదని నా నమ్మకం. చెమటతో పోయింది నీళ్లు, ఉప్పు. ఉప్పేసి మజ్జిగ కలిపిన అంబలిలో ఆ రెండూ ఉన్నాయి, కండరాలకు కావలసిన పిండిపదార్థమూ ఉంది, మజ్జిగతో కొంచెం మాంసకృత్తులూ వస్తాయి. ఉల్లిపాయ కొరుక్కుంటూ తాగండి, డబ్బాల్లో అమ్మే పొడుల అవసరమే ఉండదు. ఉగ్గాని, బజ్జీ తినాలన్నా పరుగయ్యాకే.

శెనక్కాయలు మన నేల పంటే అయినా పరుగుకు ముందు పనికిరావు. గింజలో దాదాపు సగం నూనే, అరగడానికి చాలాసేపు పడుతుంది. చిన్న బెల్లం ముక్క నోట్లో వేసుకోవడంలో తప్పు లేదు. కానీ 10 గ్రాముల బెల్లం 40 కేలరీల లోపే, గంట పరుగుకు అదొక్కటే చాలదు.

కాఫీ సంగతికొస్తే, అందులోని కెఫీన్ నిజంగానే పరుగుకు సాయపడుతుంది. అరగంట నుంచి గంట లోపు రక్తంలో బాగా కలుస్తుంది. టీలో అది తక్కువ. కాఫీ పేగులనూ కదిలిస్తుంది, కాబట్టి ఇంట్లో ఉండగానే తాగి, ఆ పని ముగించుకుని బయల్దేరండి. గుండెదడ, బీపీ ఉన్నవాళ్లకు వద్దు.

ఏది తిన్నా తినకపోయినా నీళ్లు మానొద్దు. లేవగానే పావు లీటరు, మెల్లగా గుక్కలు గుక్కలుగా. లీటరు ఒక్కసారి ఎత్తేస్తే పొట్ట బరువెక్కడం తప్ప లాభం లేదు. మే నెలలో గంట దాటే పరుగైతే ఆ నీళ్లలో నిమ్మకాయ పిండుకుని, చిటికెడు ఉప్పు వేసుకోండి.

షుగరుకు ఇన్సులిన్ గానీ, మాత్రలు గానీ వాడేవాళ్లు ఈ లెక్కలన్నీ పక్కన పెట్టండి. కొన్ని మాత్రలతో ఖాళీ కడుపున పరిగెత్తితే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. డాక్టరును అడిగే మొదలుపెట్టండి, జేబులో చక్కెర గానీ గ్లూకోజ్ గానీ ఉంచుకోండి.

పోలీసు కానిస్టేబుల్ ఈవెంట్స్‌కు, అంటే ఉద్యోగం కోసం పెట్టే పరుగు లాంటి పరీక్షలకు తయారయ్యే పిల్లలకు మాత్రం లెక్క మారుతుంది. 1600 మీటర్లు పరిగెత్తడానికి తిండితో వచ్చే అదనపు బలం అక్కర్లేదు. రోజూ ప్రాక్టీసుకు నీళ్లో, సగం పండో చాలు. కానీ ఈవెంట్స్ రోజు తెల్లవారకముందే లైన్లో నిలబడాలి. సర్టిఫికెట్లు చూసి, ఎత్తూ ఛాతీ కొలిచి, మన వంతు వచ్చేసరికి చాలా పొద్దెక్కుతుంది. ఆ రోజు అవ్వ మాటే వినండి. నాలుగింటికి అంబలి తాగి వెళ్లండి. సంచిలో నీళ్ల సీసా, పండిన అరటిపండు పెట్టుకుని, పరుగుకు అరగంట ముందుందనగా ఆ పండు తినండి.