నెబోష్ ఐజీసీ: మార్కుల్లేని రెండో యూనిట్టే పనికొస్తోంది

నెబోష్ ఐజీసీ అంటే పనిచోట భద్రత మీద బ్రిటన్‌కి చెందిన నెబోష్ సంస్థ ఇచ్చే సర్టిఫికెట్. గల్ఫ్ కంపెనీలు అదెందుకు అడుగుతాయో అమలాపురం, రావులపాలెం వైపు ఎవర్నడిగినా చెబుతారు. ఆ సంగతులు వదిలేస్తున్నాను. అందులో ఐజీ1 పరీక్ష యూనిట్టు. ఈ సమీక్షంతా రెండోదైన ఐజీ2 గురించే. అంటే ఓ పనిచోటు ఎంచుకుని అక్కడి ప్రమాదాల అంచనా, అదే రిస్క్ అసెస్‌మెంట్ రాసి పంపే యూనిట్టు. దానికి మార్కులుండవు, పాసో రిఫరో (అంటే మళ్లీ రాసి పంపాలి). సర్టిఫికెట్ మీద క్రెడిట్, డిస్టింక్షన్ పడాలంటే చూసేది ఐజీ1 మార్కులే. అందుకే చాలామంది ఐజీ1 కోసం రాత్రుళ్లు మేలుకుంటారు, ఐజీ2కి మాత్రం ఎవరిదో పాత ఫైలు తెచ్చి కంపెనీ పేరు మార్చి పంపేస్తారు. కోర్సు అయిపోయి ఏళ్లు గడిచాయి. భీమవరం, నరసాపురం చుట్టుపక్కల ఐస్ ఫ్యాక్టరీల్లో, రొయ్యల ప్లాంట్లలో పనిచేసేవాడికి ఇప్పటికీ చేతికందేది ఆ ఐజీ2 ఫారమే. ఐజీ1లో చదివింది సగం మరుపున పడింది.

చూడ్డానికి అది మామూలు పట్టికే. హ్యాజర్డ్ (హాని చేయగలది) ఏమిటి, ఏ వర్గానిది, ఎవరికి ఎలా హాని జరుగుతుంది, ఇప్పటికే ఏం జాగ్రత్తలున్నాయి, ఇంకా ఏం చేయాలి, ఎన్నాళ్లలో, ఏ హోదా మనిషి చేయాలి. మేం చదివినప్పటి సిలబస్ ప్రకారం 10 హ్యాజర్డ్‌లుండాలి, అవి కనీసం 5 వర్గాల నుంచి రావాలి. కిటుకంతా ఆ 5 వర్గాల మెలికలోనే ఉంది. ఐస్ ఫ్యాక్టరీకి వెళ్లినవాడు అమోనియా (ఐస్ గడ్డకట్టడానికి చల్లదనమిచ్చే గ్యాసు), మంట, కరెంటు అని మూడు రాసి కుర్చీలో కూలబడతాడు. మిగతా వర్గాలు నింపాలంటే మళ్లీ లోపలికి నడవాల్సిందే. అప్పుడు కళ్లబడతాయి అసలు సంగతులు. ఐస్ క్యాన్లు ముంచే ఉప్పునీటి బ్రైన్ ట్యాంకు మీద చెక్క మూతల్లో ఒకటి తక్కువుంటుంది, ఆ కంత మీంచే క్యాన్లు లాగుతుంటారు. ఉప్పునీటికి క్యాన్లు ఎత్తే హాయిస్ట్ గొలుసు తుప్పుపట్టి ఉంటుంది. కంప్రెసర్ బెల్టుకి గార్డు మనకు కనపడే వైపు ఉంటుంది, గోడవైపు ఉండదు, గ్రీజు పెట్టేవాడు దూరేదేమో గోడవైపు. క్రషర్‌లో దిమ్మ ఇరుక్కుంటే మోటారు ఆపకుండా కాలితో తోస్తారు. రాత్రి షిఫ్టులో ఆపరేటరు ఒక్కడే.

అయితే నన్ను ఆశ్చర్యపరిచింది వేరే. అమోనియా వరస రాసేటప్పుడు ఆ ఫారం మనిషిని ఎంతలా నిలదీస్తుందో పాస్ అయ్యేదాకా అర్థం కాదు. "అమోనియా లీకైతే ప్రమాదం, మాస్కులివ్వాలి, శిక్షణ ఇవ్వాలి" అని రాస్తే రిఫర్ చేస్తారు, సబబే. ఎవరికి ఎలా అన్న గడి నింపాలంటే ఎక్కడ, ఏ పని చేస్తుండగా అన్నది తేలాలి. ఆ ప్రశ్న పట్టుకుని వెళ్తే చాలా ఐస్ ఫ్యాక్టరీల్లో ఆయిల్ డ్రెయిన్ దగ్గర ఆగుతాం.

కంప్రెసర్ ఆయిల్ కొద్దికొద్దిగా గ్యాసుతో కొట్టుకుపోయి రిసీవర్, అక్యుములేటర్ అనే అమోనియా ట్యాంకుల్లో అడుగున చేరుతుంది. ద్రవరూపంలో అమోనియా ఆయిల్ కన్నా తేలిక, అందుకే ఆయిల్ కిందికి దిగుతుంది, డ్రెయిన్ వాల్వు కూడా అడుగునే ఉంటుంది. చలికి చిక్కబడ్డ ఆయిల్ తొందరగా రాదు. ఆపరేటరు వాల్వు కాస్త తిప్పుతాడు, రాదు. ఇంకాస్త తిప్పుతాడు. ఆయిల్ ముద్ద కదిలిన మరుక్షణం దాని వెనకే ద్రవ అమోనియా చిమ్ముతుంది. అప్పటికి వాల్వు బారుగా తెరిచి ఉంటుంది, మూద్దామన్నా అక్కడ చెయ్యి పెట్టలేడు. గాలిలో 300 పీపీఎం (పది లక్షల వంతుల్లో 300) దాటితే ప్రాణాపాయం కింద లెక్క. అలా చిమ్మినప్పుడు అంతకు చేరడానికి ఎంతోసేపు పట్టదు. అమోనియా ఆవిరి గాలికన్నా తేలిక, పైకి పోతుందని పుస్తకంలో ఉంటుంది. మన డెల్టా తేమలో చల్లటి ఆవిరి తెల్లటి పొగమంచులా నేలనంటుకుని పాకుతుంది, వంగి పారిపోయేవాడు దాంట్లోనే పడతాడు.

ఇక "ఇప్పటికే ఏం చేస్తున్నారు" గడి. ఇక్కడ ఉన్నదే రాయాలి, ఉండాల్సింది రాయకూడదు. "మాస్కు ఉంది" అని రాయబోతే నాలుగు ప్రశ్నలొస్తాయి. క్యానిస్టరు (మాస్కుకి బిగించే వడపోత డబ్బా) అమోనియాదేనా, అంటే కె రకం, ఆకుపచ్చ పట్టీ ఉందా? సీలు తీసి ఎన్నాళ్లయింది, మీద గడువు ఎంతుంది? ముఖమంతా కప్పేదా, ముక్కు వరకేనా? తగిలించింది ఎక్కడ? ఈ చివరి ప్రశ్నకు ఎక్కువ చోట్ల జవాబు ఒకటే: కంప్రెసర్ గదిలో, కంప్రెసర్ పక్కనే. లీకైతే మాస్కు కోసం లీకులోకే వెళ్లాలన్నమాట! గది తలుపు బయట, రోడ్డువైపు ఒకటి, వెనకవైపు ఒకటి పెట్టడానికి ఖర్చు రెండు మేకులు.

"ఇంకా ఏం చేయాలి" దగ్గర కంట్రోళ్ల వరస పైనుంచి కిందికి రావాలి, అంటే గట్టి జాగ్రత్తలు ముందు, మాస్కుల్లాంటివి తర్వాత. ముందుగా, డ్రెయిన్ వాల్వు తర్వాత స్ప్రింగు వాల్వు బిగించడం. చెయ్యి వదిలితే దానంతటదే మూసుకుంటుంది. ఆయిల్‌ని తిన్నగా బకెట్లోకి వదలకుండా ఆయిల్ పాటు అనే మూసిన పాత్రలోకి దింపి, దాన్ని మెయిన్ లైను నుంచి వేరుచేసి, లోపలి అమోనియాని కంప్రెసర్ పీల్చుకునే (సక్షన్) వైపు లాగేశాకే తెరవడం. పక్కన రెండో మనిషి. డ్రెయిన్ చేసేవాడికి ఫుల్ ఫేస్ మాస్కు, రబ్బరు గ్లోవ్స్. అడ్డంలేని దారిలో షవరు, కళ్లలో పడితే కనీసం 15 నిమిషాలు నీళ్లు. ఎవరైనా పడిపోతే తేవడానికి వెళ్లేవాడికి క్యానిస్టరు చాలదు, సిలిండరుతో ఊపిరి పీల్చే సెట్టు కావాలి, అది కొనలేని ఫ్యాక్టరీ అయితే ఫైర్ స్టేషన్‌తో ముందే మాట్లాడుకోవాలి. ఆవిరి మీద నీళ్ల తుంపర కొట్టచ్చు, నేల మీద మడుగు కట్టిన ద్రవం మీద కొడితే ఆవిరి ఇంకా ఎగుస్తుంది. ఈ చివరి ముక్క గోడ మీద పెద్దక్షరాలతో ఉండాలి.

తర్వాతి గడి ఎన్నాళ్లలో అన్నది. కోచింగ్‌లో దీన్ని ఎవరూ పట్టించుకోరు, అన్నీ "1 నెల" అని నింపమంటారు. యజమాని చేత పని చేయించేది మాత్రం ఈ గడే. మాస్కులు బయటికి మార్చడం ఈ పూటే. ఒంటరిగా డ్రెయిన్ చేయకపోవడం ఈ రోజు నుంచే. ఆయిల్ పాటు, స్ప్రింగు వాల్వు అంటే లైను ఖాళీ చేసి వెల్డింగు పెట్టాలి, ప్లాంటు ఆగాలి. బోట్లకు ఐస్ ఇచ్చే ఫ్యాక్టరీకి ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం వస్తుంది, గిరాకీ పడిపోతుంది, ఆ గడిలో ఆ తేదీలే రాయాలి. రొయ్యల మీద ఆధారపడ్డ ఫ్యాక్టరీకి ఆ నెలల్లో ఐస్ అడుగుతూనే ఉంటారు, దానికి వేరే తేదీ. మూడూ కలిపి "వెంటనే చేయాలి" అని రాస్తే ఆయన కాగితం మడిచి సొరుగులో పెడతాడు. విడగొట్టి ఇస్తే మొదటి రెండూ ఆ రోజే అయిపోతాయి. చివరి గడిలో "యాజమాన్యం" అని రాయకండి. మన ఐస్ ఫ్యాక్టరీల్లో ఉండేది యజమాని, గుమాస్తా, ఆపరేటరు, కూలీలు. వీళ్లలో ఎవరో రాయాలి.

ఐజీ2 మూడో భాగంలో మూడు చర్యలు ఎంచుకుని నైతికంగా, చట్టపరంగా, డబ్బుపరంగా ఎందుకు చేయాలో వాదించాలి. ఐఎల్‌ఓ (అంతర్జాతీయ కార్మిక సంస్థ) 155వ ఒప్పందం ఆర్టికల్ 16తో సరిపెట్టచ్చు. మన చట్టం కూడా రాయాలనుకుంటే పాత మోడల్ ఫైళ్లను నమ్మద్దు. వాటిల్లో ఇంకా 1948 ఫ్యాక్టరీల చట్టమే ఉంటుంది. 2025 నవంబర్ 21 నుంచి దాని స్థానంలో 2020 నాటి వృత్తి భద్రత కోడ్ అమల్లో ఉంది.

పైన ఇంత పొగిడాను గాని, ఆ ఫారం తేలిపోయే చోట్లూ ఉన్నాయి. 2017 మార్చిలో మొగల్తూరు మండలంలో ఓ రొయ్యల ప్లాంటులో వ్యర్థజలాల ట్యాంకు శుభ్రం చేస్తూ ఐదుగురు చనిపోయారు. అలాంటి ట్యాంకు ఐజీ2లో ఒక్క వరస. "పర్మిట్ ఉండాలి, గ్యాస్ పరీక్ష చేయాలి" అని రాస్తే పాస్ అవుతారు. ట్యాంకు దగ్గర నిలబడ్డవాడికి అది చాలదు. అలాంటి బురదలో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ గాలికన్నా బరువు, అడుగున కూర్చుంటుంది. 100 పీపీఎం దగ్గరికొస్తే ముక్కు మొద్దుబారి కుళ్లు వాసన తెలియడం మానేస్తుంది, "వాసన పోయింది, దిగచ్చు" అనుకుంటారు. మీటరుని తాడుతో పైన, మధ్యలో, అడుగున దింపి చూడాలి, ఆక్సిజన్ 19.5 శాతానికి తగ్గితే దిగకూడదు. బురద కదిపితే గ్యాసు మళ్లీ పుడుతుంది గనక లోపల ఉన్నంతసేపూ మీటరు నడుస్తూనే ఉండాలి. మామూలు నాలుగు గ్యాసుల మీటరు అమోనియా చూపించదు, దానికి వేరే సెన్సరుండాలి. ఇదంతా ఒకదాని తర్వాత ఒకటిగా జరగాల్సిన పని. పట్టిక గడుల్లో వరసక్రమం ఇమడదు. ఆయిల్ డ్రెయిన్‌కి కూడా అంతే, ఫారం పక్కన అంచెలవారీ కాగితం ఇంకోటి రాసుకోక తప్పలేదు.

రిస్క్‌కి అంకెలు వేయించకపోవడం ఇంకో లోటు. ఇక్కడి కంపెనీలు 5×5 మ్యాట్రిక్స్ (ప్రమాదం జరిగే అవకాశాన్ని, దాని తీవ్రతను గుణించే పట్టిక) అడుగుతాయి, అది విడిగా నేర్చుకోవాలి. ఫారం ఇంగ్లీషులో ఉంటుంది, గోడ మీద అంటించేది తెలుగులో ఉండాలి, ప్రాసెసింగ్ షెడ్డులో ఒడిశా నుంచి వచ్చినవాళ్లుంటే ఒడియాలో కూడా.

చేరాలా వద్దా అంటే, నా సంగతి వేరు. అప్పటికే ప్లాంట్లలో పని ఉంది, లోపల ఎక్కడికైనా తిరగనిచ్చేవాళ్లు, గల్ఫ్ ఆలోచన లేదు. ఇక్కడే సేఫ్టీ ఆఫీసరు పోస్టు కావాలనుకునేవాళ్లు ముందు ఇండస్ట్రియల్ సేఫ్టీ డిప్లొమా చూసుకోవాలి, రాష్ట్ర నిబంధనలు అడిగేది అది. ఒక్క నెబోష్ పెట్టుకుని వెళ్తే వెనక్కి పంపుతారు. గల్ఫ్‌కే అయితే ఐజీ1 మార్కుల మీద తాపత్రయపడటంలో తప్పు లేదు. ఏ పనిచోటూ లేకుండా డిగ్రీ అవగానే చేరే కుర్రాళ్లు మాత్రం ఫీజు కట్టకముందే ఐజీ2 ఎక్కడ చేయాలో కోర్సు ఇచ్చేవాళ్లని అడగండి, తెలిసినవాళ్ల రైస్ మిల్లో ఐస్ ఫ్యాక్టరీయో ఉంటే యజమాని దగ్గర అనుమతి తీసుకోండి. రాత్రి షిఫ్టు కూడా చూడనిస్తారేమో అడగండి.