ఈఎస్ఆర్ సర్వీసు: మెషీన్ బంగారం, ఫారంతోనే చిక్కు

గంధకం ఉన్న రాడికల్ కాటయాన్లు (ఒక ఎలక్ట్రాన్ పోగొట్టుకుని, జత లేని ఒంటరి ఎలక్ట్రాన్‌తో మిగిలిన అణువులు) నా పీహెచ్‌డీ టాపిక్. అలాంటి ఒంటరి ఎలక్ట్రాన్లను అయస్కాంత క్షేత్రంలో మైక్రోవేవ్‌తో పసిగట్టే ఈఎస్ఆర్ (ఎలక్ట్రాన్ స్పిన్ రెజొనెన్స్) మెషీన్ మా కాలేజీలో లేదు. అందుకే డబ్బు కట్టి బయటి ల్యాబులో రెండుసార్లు తీయించాను. పేరెందుకు లెండి. నా రేటింగ్ 5కి మూడున్నర.

మొదటిసారి థయాంత్రీన్ (గంధకం ఉన్న ఒక సేంద్రియ పదార్థం) పొడి తీసుకెళ్లి, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో అక్కడే కలిపాను. చిటికెడు పడగానే నేరేడుపండు పిండినట్టు ఊదారంగు తిరిగింది. ఎలక్ట్రాన్‌ను ఆమ్లమే లాగేసుకుంటుంది, వేరే ఆక్సిడైజర్ అక్కర్లేదు. "ఇచ్చి వెళ్లండి, రిపోర్ట్ మెయిల్ చేస్తాం" అన్నారు.

వారం తర్వాత వచ్చిన రిపోర్టులో ఒకే ఒక్క లావుపాటి సిగ్నల్! ఇందులో ముఖ్యంగా లెక్కకొచ్చేవి నాలుగు ఒకేరకం హైడ్రోజన్లు, కాబట్టి 1:4:6:4:1 నిష్పత్తిలో అయిదు గీతలు రావాలి. ఫోన్ చేస్తే "సిగ్నల్ బాగానే వచ్చింది కదమ్మా" అన్నారు. రిపోర్టు అడుగున చిన్న అక్షరాల్లో దొరికింది అసలు సంగతి. మాడ్యులేషన్, అంటే కొలిచేటప్పుడు అయస్కాంత క్షేత్రాన్ని అటూఇటూ ఊపే మేర, 5 గాస్ (గాస్ ఆ క్షేత్రానికి కొలమానం). గీతకీ గీతకీ మధ్య ఉన్నదే 1.28 గాస్, ఇక అయిదూ కలిసి ముద్దవక ఏమవుతాయి? మాడ్యులేషన్ ఎంత కావాలో రాయడానికి వాళ్ల ఫారంలో గడే లేదు.

రెండోసారి పట్టుబట్టి మెషీన్ పక్కనే కూర్చున్నాను. ఆపరేటర్ గారు పనిమంతుడే. మామూలు 4 మిల్లీమీటర్ల ట్యూబులో పోస్తే మైక్రోవేవ్‌ను ఆమ్లమే మింగేసి క్యావిటీ (శాంపిల్ పెట్టే మైక్రోవేవ్ గది) ట్యూన్ కాదని, సన్నని కాపిలరీలో నింపించారు. మాడ్యులేషన్ 0.1కి దించారు. ఒక్కో గీతా లేస్తుంటే నేను వేళ్లతో లెక్కపెట్టాను. అయిదోది రాగానే "ఓహో, ఇదన్నమాట మీ గొడవ" అని నవ్వారు.

ప్రామాణికంగా వాడే డీపీపీహెచ్ అనే పదార్థంతో సరిచూస్తే నా శాంపిల్ జీ విలువ (సిగ్నల్ ఏ చోట వస్తుందో చెప్పే అంకె) 2.0081 వచ్చింది. డీపీపీహెచ్‌ది 2.0036. మూడో దశాంశంలో ఉన్న ఆ తేడా కోసమే నేను రాత్రి బస్సెక్కింది. ఒంటరి ఎలక్ట్రాన్ గంధకం మీద బాగానే తిష్ఠ వేసిందని అది చెబుతుంది. గంధకం-33 వల్ల వచ్చే బుల్లి గీతలు కూడా చూద్దామనుకున్నాను. కానీ ఆ ఐసోటోప్ ప్రకృతిలో ఉండేదే 0.75 శాతం, చాలా స్కాన్లు కూడబెట్టాలి. గంట స్లాట్ అయిపోయింది, వెనకాల ఇంకొకరు నిలబడ్డారు.

ఇంకో తలనొప్పి, మెయిల్లో బొమ్మ మాత్రమే పంపుతారు. సిమ్యులేషన్‌కి అంకెల ఫైలు కావాలి కదా. వెళ్లేవాళ్లు పెన్‌డ్రైవ్ పట్టుకెళ్లండి. కాపిలరీలు కూడా మీవే తీసుకెళ్లండి, అక్కడ వాటికి విడిగా బిల్లు వేస్తారు.