మహమ్మారి వచ్చినప్పుడు వృద్ధుల హోమ్‌లో ఏ పద్ధతి మేలు?

ఎవరూ రావద్దని గేటుకు బోర్డు తగిలించేయడం హోమ్ నడిపేవాళ్లకు అన్నిటికన్నా తేలిక. కోవిడ్ మొదట్లో ప్రభుత్వాలూ అదే చేశాయి. అమెరికాలో నర్సింగ్ హోమ్‌లకు నిబంధనలు పెట్టే సీఎంఎస్ 2020 మార్చి 13న సందర్శకులను ఆపేయమంది. చివరి ఘడియల్లాంటి సందర్భాలకే మినహాయింపు. వారం తిరిగేసరికి నెదర్లాండ్స్ కూడా తలుపులు మూసింది. అప్పటికి అది సబబే. టెస్టులు చాలవు, మాస్కులు దొరకవు, లక్షణాలు లేనివాళ్లు కూడా అంటిస్తారని అప్పుడప్పుడే తెలుస్తోంది. సియాటిల్ పక్కన కర్క్‌లాండ్‌లో ఒక హోమ్‌లోకి వైరస్ చొరబడితే ఎన్ని ప్రాణాలు పోతాయో అందరూ చూశారు.

చిక్కంతా నిషేధం నెలల తరబడి సాగడంతోనే. బంధువులు ఆగినా సిబ్బంది ఆగరు కదా! షిఫ్టు మారినప్పుడల్లా కొందరు బయటికి వెళ్తారు, కొందరు లోపలికి వస్తారు. జీతం చాలక రెండు చోట్ల పనిచేసేవాళ్లూ ఉంటారు. వైరస్‌కు ఆ దారి చాలు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా దీన్ని త్వరగానే పట్టుకుంది. సిబ్బంది ఒక్క హోమ్‌లోనే పనిచేయాలని 2020 మార్చిలోనే ఆదేశించింది. కన్నకూతుర్ని గేటు బయట ఆపేముందు చేయాల్సిన పని అది.

ఇక కిటికీ అవతల నిలబడి మాట్లాడటం, వీడియో కాల్. అంటుకునే భయం లేదు. చెవులు బాగా వినపడి, జ్ఞాపకం చెదరనివారికి పర్వాలేదు. డిమెన్షియా ఉన్నవారికి మాత్రం అద్దం వెనక కొడుకు ఎందుకు లోపలికి రావట్లేదో అర్థం కాదు. ఫోన్ చెవికి ఆనిస్తే వినికిడి మెషీన్ కీచుమంటుంది. ట్యాబ్ పట్టుకుని నిలబడటానికి ఒక ఆయా కావాలి, అసలే మనుషులు చాలని రోజులు. ఆరుబయట కలవడం దీనికంటే చాలా మేలు, గాలి ఆడుతుంది కాబట్టి. కానీ మంచం దిగలేనివారికి అదీ లేదు.

మూడో పద్ధతి, ఒక్కో నివాసికి ఒక్క మనిషి. వచ్చేది ఎప్పుడూ ఆ మనిషే. సిబ్బందికి ఉన్న నియమాలే ఆ వ్యక్తికీ: అదే మాస్కు, అవే టెస్టులు. నెదర్లాండ్స్ 2020 మే 11 నుంచి 26 హోమ్‌లలో ఒక్కో నివాసికి ఒక్కరిని రానిచ్చి చూసింది. పరిశీలించిన ఆ తొలి రోజుల్లో కొత్త కేసులేవీ రాలేదు. కేసులు లేని హోమ్‌లనే ఎంచుకున్నారన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఇంగ్లండ్ 2021 మార్చి 8 నుంచి పేరు నమోదైన ఒక్కరిని లోపలికి రానిచ్చింది, చెయ్యి పట్టుకోనిచ్చింది.

నా ఓటు దీనికే. వచ్చే ఆ ఒక్కరూ ఊరికే చూసిపోరు. ముద్ద మింగకుండా బుగ్గన పెట్టుకునే అమ్మకు ఎంతసేపు ఆగి రెండో ముద్ద పెట్టాలో కూతురికి తెలుసు. పదిమందిని చూసుకోవాల్సిన ఆయాకు అంత తీరిక ఉండదు, తినలేదని ప్లేటు తీసేస్తుంది. దుప్పటి సర్దుతూ మడమ దగ్గర ఎర్రబడిన చోటును చూసి, పుండు కాకముందే చెప్పేదీ ఇంటివాళ్లే. 2020 సెప్టెంబరులో సీఎంఎస్ కూడా తన మినహాయింపు చివరి ఘడియలకే కాదని స్పష్టం చేసింది. తిండి తగ్గి బరువు కోల్పోతున్నవారు, కొత్తగా చేరి బెంగ పెట్టుకున్నవారు, మాటలు తగ్గి ఊరికే ఏడ్చేవారు కూడా అందులోకి వస్తారంది.

టెస్టు చేసి అందరినీ రానివ్వడమా? టీకాలు అందాక, కేసులు తగ్గాక సరే. అంతకుముందైతే ర్యాపిడ్ టెస్టు నెగెటివ్ వచ్చిందన్న ధీమాతో మాస్కు గడ్డం కిందికి జారుతుంది. ఆ టెస్టు తొలి రోజుల ఇన్‌ఫెక్షన్‌ను పట్టుకోలేకపోవచ్చు.

ఒక్కరి పద్ధతిలోనూ తలనొప్పులున్నాయి. ఆ ఒక్కరు ఎవరన్నదానిపై అన్నదమ్ములు పోట్లాడుకుంటారు. చెప్పగలిగే స్థితిలో ఉంటే ఆ మాట పెద్దాయనే చెప్పాలి. వచ్చే మనిషికే జ్వరం వస్తే బదులుగా రెండో పేరు ముందే రాసి ఉంచాలి. ఆ వార్డులో కేసు బయటపడితే కొద్ది రోజులు ఆపొచ్చు, కానీ ఎన్నాళ్లన్నది చెప్పి ఆపాలి. ఇవన్నీ హోమ్‌లో చేర్పించే రోజే కాగితం మీద ఉన్నాయో లేదో అడగండి. లేకపోతే సంతకం పెట్టేముందే రాయించండి.