పాత పద్మినికి కంప్యూటర్ టైమింగ్: డిస్ట్రిబ్యూటర్ మేలా, పళ్ళ చక్రం మేలా?

లాప్‌టాప్‌లో అడ్వాన్స్ (పిస్టన్ పైకి చేరడానికి ఎన్ని డిగ్రీల ముందు స్పార్క్ పడుతుందో ఆ లెక్క) 10 డిగ్రీలు అని ఉంది. డయల్ ఉన్న టైమింగ్ లైటు (స్పార్క్ పడినప్పుడల్లా మెరిసేది) పట్టి పుల్లీ మీద గీతను సున్నా దగ్గరికి తెస్తే, డయల్ 20 చూపిస్తోంది. రెంటిలో ఏది నిజం? రెండు వారాల పాటు ప్రతి రాత్రీ బానెట్ ఎత్తి ఇదే చూశాను. ఇంట్లోవాళ్ళకి బండి పిచ్చి ముదిరిందనిపించింది.

నాది ప్రీమియర్ పద్మిని. 1089 సీసీ, నాలుగు సిలిండర్లు, ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2. కార్బురేటర్ జోలికి పోకుండా, స్పార్క్ ఎప్పుడు పడాలన్న పనిని మాత్రం స్పీడ్యునోకి అప్పజెప్పాను. అది అర్డ్యునో మెగా 2560 బోర్డు మీద నడిచే ఓపెన్ సోర్స్ ఇంజన్ కంప్యూటర్. మొదట ప్లగ్గులకి వంతుల వారీగా కరెంటు పంచే పాత డిస్ట్రిబ్యూటర్ నుంచే సిగ్నల్ తీసుకున్నాను. తర్వాత క్రాంక్ పుల్లీకి పళ్ళ చక్రం బిగించాను. రెండింటితోనూ తిప్పలు పడ్డాను, కానీ ఆ తిప్పలు ఒక రకమైనవి కావు.

డిస్ట్రిబ్యూటర్ దారి పైకి చాలా సులువు. కొత్తగా కోయించాల్సింది ఏమీ ఉండదు. ప్లాటినం పాయింట్ తెరుచుకున్నప్పుడల్లా కంప్యూటర్‌కి ఒక సిగ్నల్ వెళ్తుంది, స్పార్క్ కోసం కాయిల్ కరెంటు ఎప్పుడు తెంచాలో అది లెక్కేసుకుంటుంది. కానీ లోపల బరువులు, స్ప్రింగులు ఉంటాయి కదా, స్పీడు పెరిగితే అవి కూడా అడ్వాన్స్ పెంచుతాయి. వాటిని వెల్డింగ్ చేసో, పిన్ను కొట్టో కదలకుండా చేయాలి. డిస్ట్రిబ్యూటర్‌కి వాక్యూమ్ గొట్టం ఉంటే తీసేసి, మానిఫోల్డ్ వైపు మూత వేయాలి. ఇది మర్చిపోతే కంప్యూటర్ ఇచ్చే అడ్వాన్సూ, బరువులు ఇచ్చే అడ్వాన్సూ కలిసిపోతాయి. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఇంజన్ గులకరాళ్ళ డబ్బాలా మోగుతుంది. మ్యాప్‌లో (ఏ స్పీడుకి ఎంత అడ్వాన్స్ అన్న పట్టికలో) అంకెలు తగ్గించి ఆ మోత ఆపినా అసలు తప్పు పోదు, ఎందుకంటే అది మ్యాప్‌లో లేదు.

రెండో చిక్కు రోటర్‌ది, అంటే డిస్ట్రిబ్యూటర్‌లో తిరుగుతూ ఒక్కో ప్లగ్గు తీగకీ కరెంటు అందించే ముక్కది. డిస్ట్రిబ్యూటర్ క్రాంక్‌లో సగం వేగంతో తిరుగుతుంది. కంప్యూటర్ అడ్వాన్స్‌ను 10 నుంచి 40కి తీసుకెళ్ళిందంటే, స్పార్క్ పడే సమయానికి రోటర్ 15 డిగ్రీలు వెనకే ఉంటుంది. రోటర్ మొన, క్యాప్‌లోని ఇత్తడి ముక్క ఈ మొత్తం పరిధిలో ఎదురెదురుగా ఉండాలి. లేకపోతే హై టెన్షన్ కరెంటు దూకలేక పక్క దారి వెతుక్కుంటుంది, హైవే మీద మిస్సింగ్ మొదలవుతుంది. నేను ఒక పాత క్యాప్‌కి కిటికీ కోసి, టైమింగ్ లైటు వెలుగులో రోటర్‌ను చూశాను. కళ్ళతో చూశాక అనుమానం ఉండదు.

ఇవన్నీ సరిచేసినా ఒకటి మిగిలిపోతుంది. నాలుగు సిలిండర్ల బండిలో పాయింట్ సిగ్నల్ క్రాంక్ 180 డిగ్రీలు తిరిగితే ఒక్కసారి వస్తుంది. ఈ మధ్యలో ఏం జరిగిందో కంప్యూటర్‌కి తెలియదు, పోయినసారి పట్టిన సమయాన్ని బట్టి ఊహించుకుంటుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు ప్రతి కంప్రెషన్ దగ్గరా క్రాంక్ నెమ్మదిస్తుంది, ఊహ తప్పుతుంది, ఇంజన్ స్టార్టర్‌ని ఎదురు తంతుంది. దీనికి తోడు పాత గేర్లలో లూజు. ఫిక్స్‌డ్ టైమింగ్ పెట్టి లైటు పట్టినా, నా పుల్లీ మీద గీత మూడు నాలుగు డిగ్రీలు వణుకుతూనే ఉండేది. పాయింట్ ఫైబరు అరిగేకొద్దీ గ్యాప్ తగ్గి టైమింగ్ వెనక్కి జారుతుంది, ఆ సంగతీ కంప్యూటర్‌కి తెలియదు.

ఇక పళ్ళ చక్రం. దీన్ని 36-1 అంటారు. ముప్పై ఆరు పళ్ళలో ఒకటి ఉండదు. ప్రతి 10 డిగ్రీలకూ ఒక పన్ను సెన్సార్ ముందు నుంచి వెళ్తుంది, ఖాళీ వచ్చినప్పుడు క్రాంక్ ఎక్కడుందో కంప్యూటర్‌కి ఖాయంగా తెలుస్తుంది. ఊహకి చోటు బాగా తగ్గిపోతుంది. ఫోర్డ్ వాళ్ళు ఈ 36-1నే ఏళ్ళ తరబడి వాడారు. ఐకాన్ బండ్లలో వచ్చిన నాలుగు కొమ్ముల కాయిల్ ప్యాక్‌ను దీనికి జత చేస్తే రోటరూ, క్యాపూ అక్కర్లేదు. 1, 4 సిలిండర్లకి ఒకేసారి, 2, 3 సిలిండర్లకి ఒకేసారి స్పార్క్ పడుతుంది. ఒకటి పనికొస్తుంది, రెండోది ఎగ్జాస్ట్‌లో వృథాగా పోతుంది, నష్టం లేదు.

చక్రం కోసం విజయవాడ ఆటోనగర్‌లో లేత్ షాపుకి వెళ్ళాను. ఆయన డ్రాయింగ్ చూసి, “స్టెయిన్‌లెస్‌లో కోసిస్తా సార్, జన్మలో తుప్పు పట్టదు” అన్నాడు. నిజమే, పట్టదు. సిగ్నల్ కూడా రాదు. మామూలుగా దొరికే 304 రకానికి అయస్కాంతం అంటుకోదు, నేను వాడే సెన్సార్‌కి అంటుకునే ఇనుమే కావాలి. జేబులో ఉన్న చిన్న అయస్కాంతం తీసి ఆయన బల్ల మీద ముక్కకి పెట్టి చూపించాను. నవ్వి మైల్డ్ స్టీల్ అందుకున్నాడు. చక్రం వంకర లేకుండా తిరగాలి, సెన్సార్‌కీ పన్నుకీ మధ్య మిల్లీమీటరు లోపు సందు ఉండాలి, బ్రాకెట్ బలంగా ఉండాలి. నా మొదటి బ్రాకెట్ పల్చటి రేకు. 3500 ఆర్‌పీఎం దగ్గర అది వణికి సిగ్నల్ తెగిపోయేది. రెండోసారి దళసరి యాంగిల్‌తో చేయించాను.

తప్పు పట్టుకోవడంలోనే ఈ రెండింటి తేడా బాగా తెలుస్తుంది. ఏ పద్ధతి అయినా ముందు ట్యూనర్‌స్టూడియోలో (లాప్‌టాప్ నుంచి సెట్టింగులు మార్చే సాఫ్ట్‌వేర్) ఫిక్స్‌డ్ టైమింగ్ 10 పెట్టి, మ్యాప్‌ను పక్కన పెట్టాలి. అంతకంటే ముందు పుల్లీ మీది టీడీసీ (పిస్టన్ పూర్తిగా పైకి చేరిన చోటు) గీత నిజమైనదేనా చూడాలి. బ్యాటరీ తీగ ఊడదీసి, ప్లగ్గులు విప్పి, ఒకటో సిలిండర్‌లో పిస్టన్‌కి అడ్డం పడే స్టాపర్ బిగించండి. క్రాంక్‌ను చేత్తో ఆగేదాకా తిప్పి ఒక గీత, ఎదురు దిశలో ఆగేదాకా తిప్పి ఇంకో గీత. ఆ రెండింటికీ సరిగ్గా మధ్యలో ఉండేదే టీడీసీ.

తర్వాత లైటు పట్టి ఇంజన్ స్పీడు పెంచండి. గీత నిలకడగానే ఉండి తప్పు చోట ఉంటే, ట్రిగ్గర్ యాంగిల్ (సిగ్నల్‌కీ టీడీసీకీ మధ్య కోణం) మార్చితే సరి. వణుకుతుంటే సిగ్నల్ దగ్గరే గోల: లూజు గేరు, రెసిస్టర్ లేని ప్లగ్గులు, ఎర్త్ సరిగ్గా లేకపోవడం, ఇలాంటివి. స్పీడుతో పాటు వెనక్కి జారితే ఎక్కడో ఆలస్యం ఉంది. 3000 ఆర్‌పీఎం దగ్గర ఒక డిగ్రీ అంటే సుమారు 56 మైక్రోసెకండ్లే, కాబట్టి చిన్న ఆలస్యం కూడా కనిపిస్తుంది. చక్రం పద్ధతిలో అయితే సెన్సార్ రెండు తీగలు తారుమారయ్యాయేమో కూడా చూడండి. ముందుకి జారితే, డిస్ట్రిబ్యూటర్ పద్ధతిలో బరువులు పూర్తిగా బిగుసుకోలేదని అర్థం.

ముందుకి జారడానికి ఇంకో కారణం ఉంది, అది ప్రమాదకరం. స్పార్క్ అవుట్‌పుట్ సెట్టింగ్ తలకిందులుగా ఉంటే, కాయిల్ నిండడం మొదలవ్వాల్సిన క్షణంలోనే స్పార్క్ పడిపోతుంది. నిండే సమయం 3 మిల్లీసెకండ్లు అనుకుంటే, 1000 ఆర్‌పీఎం దగ్గరే 18 డిగ్రీలు ముందుగా పడుతుంది. 3000 దగ్గర 54. పిస్టన్లు మిగలవు. ఇంజన్ ఆపి తాళం ఆన్‌లో ఉంచినప్పుడు కాయిల్ వేడెక్కుతోందా అని చెయ్యి పెట్టి చూడండి. వేడెక్కితే సెల్ఫ్ కొట్టకండి.

నా 20 డిగ్రీల కథ చక్రం బిగించాకే మొదలైంది. తప్పు బండిలో లేదు. డయల్ లైటు రెండు చుట్లకి ఒక స్పార్క్ పడుతుందని లెక్కేసుకుంటుంది. వృథా స్పార్క్ పద్ధతిలో చుట్టుకి ఒకటి పడుతుంది, అందుకే పదిని ఇరవై అని చెప్పింది. డయల్ లేని మామూలు లైటు అప్పు తెచ్చి, పుల్లీ మీద 10 దగ్గర తెల్ల పెయింటు చుక్క పెట్టి చూస్తే, చుక్క పాయింటర్ ఎదురుగా అతికించినట్టు నిలబడింది.

కంప్యూటర్ పెట్టాలని నిశ్చయించుకుంటే నా ఓటు చక్రానికే. డిస్ట్రిబ్యూటర్‌తో వచ్చే తప్పులు రోజుకో చోట ఉంటాయి, అరుగుదలతో మారతాయి. చక్రంతో వచ్చేవి ఎక్కువగా బిగించేటప్పుడే బయటపడతాయి, ఒకసారి సరిచేస్తే అక్కడే ఉంటాయి. లాప్‌టాప్ ముందు కూర్చుని మ్యాప్ దిద్దే ఓపిక లేనివాళ్ళకి మాత్రం రెండూ వద్దు. పాయింట్ బదులు ఎలక్ట్రానిక్ మాడ్యూల్ పెట్టి, బరువులను వాటి పని చేసుకోనివ్వండి. నెలకోసారి బయటికి తీసే బండికి అది చాలు.

పాత డిస్ట్రిబ్యూటర్‌ని నేను పారేయలేదు. బరువులకి వేసిన లాక్ తీసి, పాయింట్లు మార్చి, కాయిల్‌తో సహా డిక్కీలో స్టెప్నీ పక్కన గుడ్డ చుట్టి పెట్టాను. దారిలో బోర్డు మొరాయిస్తే, రోడ్డు పక్కనే అది బిగించుకుని ఇంటికి రావచ్చు.