కాలేజీ బేస్‌బాల్ ప్రోగ్రాం చూడటానికి వెళ్తే ఆడని పిల్లల్ని చూడండి: నాలుగేళ్లు స్టాండ్స్‌లో కూర్చున్న అమ్మ రివ్యూ

మేం టెక్సాస్‌లో ఫ్రిస్కోలో ఉంటాం, మావాడు ఎడమచేతి పిచ్చర్, అంటే బంతి విసిరేవాడు. 2021 నుంచి 2025 దాకా మూడు కాలేజీలు చూశాం, డివిజన్ వన్‌లో (కాలేజీ ఆటల్లో పై స్థాయి) ఒక ఏడాది, జూనియర్ కాలేజీలో (రెండేళ్ల కాలేజీ) ఒక ఏడాది, చివరి రెండేళ్లు డివిజన్ త్రీ. పేర్లు రాయను. ఈమధ్య ట్రావెల్ బాల్ (స్కూల్ బయట ఊళ్లు తిరిగి ఆడే క్లబ్ టీమ్‌ల) టోర్నమెంట్లలో మన తెలుగు పిల్లలు బాగానే కనిపిస్తున్నారు, వాళ్ల అమ్మానాన్నలు ఎవరు కలిసినా అడిగేది ఒకటే, మంచి ప్రోగ్రాం, అంటే మంచి కాలేజీ టీమ్ అని ఎలా తెలుస్తుందండీ అని. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా.

మొదటి కాలేజీని మేం జూమ్‌లోనే చూసి ఒప్పేసుకున్నాం. కోవిడ్ వల్ల 2020 మార్చి నుంచి 2021 మే చివరిదాకా డివిజన్ వన్ కోచ్‌లు పిల్లల్ని నేరుగా కలవకూడదని కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ ఆపేసింది కదా, ఆ టైమ్‌లో వాళ్లు వీడియోలో వెయిట్ రూమ్ చూపించారు, లైట్లు చూపించారు, ఇండోర్ కేజ్‌లు చూపించారు, మావారు గుంటూరులో క్లబ్ క్రికెట్ ఆడిన మనిషి, ఆ గ్రౌండ్ చూసి పొంగిపోయారు. పైగా 25 శాతం స్కాలర్‌షిప్ అన్నారు. అప్పట్లో డివిజన్ వన్ బేస్‌బాల్‌లో టీమ్ మొత్తానికి కలిపి 11.7 స్కాలర్‌షిప్‌లే, దాన్నే ముక్కలు చేసి పంచేవాళ్లు, కాబట్టి ఫుట్‌బాల్ పిల్లల్లా ఫుల్ రైడ్ (ఖర్చంతా వచ్చే స్కాలర్‌షిప్) అనుకోవద్దు. మావాడి కాగితం మీద ఒక్క ఏడాదికే అని రాసుంది, మేం ఆ లైన్ చదివాం, కానీ పట్టించుకోలేదు.

ఇంకోటి అస్సలు ఆలోచించలేదు. 2020 సీజన్ మధ్యలో ఆగిపోయిందని అప్పుడు ఆడుతున్నవాళ్లందరికీ ఇంకో ఏడాది ఇచ్చారు, అదే ఏడాది ఎంఎల్‌బీ డ్రాఫ్ట్ (ప్రొఫెషనల్ టీమ్‌లు కొత్త ఆటగాళ్లని ఎంచుకునేది) కూడా 40 రౌండ్ల నుంచి 5 రౌండ్లకి తగ్గించేశారు, దాంతో వెళ్లాల్సినవాళ్లు వెళ్లలేదు. మావాడు పద్దెనిమిదేళ్లకి బుల్‌పెన్‌లోకి (పిచ్చర్లు వార్మప్ చేసే చోటు) వెళ్తే పక్కన 23 ఏళ్ల వాళ్లున్నారు, గడ్డాలు, భుజాలు, వాళ్లతో పోటీ! ఆ సీజన్ అంతా రెడ్‌షర్ట్, అంటే టీమ్‌లో ఉన్నా మ్యాచ్‌లు ఆడించకుండా కూర్చోబెట్టడం, ఒక్క ఇన్నింగ్స్ కూడా వేయలేదు. వాడిని తీసుకున్న అసిస్టెంట్ కోచ్ డిసెంబర్‌లోనే వేరే ఊరు వెళ్లిపోయాడు, తర్వాత వచ్చినాయనకి మావాడి పేరు పలకడం కూడా రాలేదు.

మే నెలలో ఎగ్జిట్ మీటింగ్స్ ఉంటాయి, ఒక్కొక్కరినీ పిలిచి నువ్వు ఉంటావు, నువ్వు వేరే చోటు చూసుకో అని చెప్తారు. ఆ లాకర్ రూమ్‌లో సీనియర్లకి ఇత్తడి పేరుబిళ్లలు, ఫస్టియర్ పిల్లలకి తెల్ల టేప్ మీద మార్కర్‌తో రాసిన పేర్లు. మావాడి మీటింగ్ మధ్యాహ్నం 2 గంటలకి. పొద్దున షూస్ తెచ్చుకుందామని వెళ్తే అప్పటికే వాడి టేప్ పీకేసి ఉంది. నాకు ఫోన్ చేసి ఆ విషయమొక్కటే చెప్పాడు, ఇంకేం మాట్లాడలేదు. ఆ రాత్రి మేమిద్దరం నిద్రపోలేదు.

తర్వాత నేను చేసిన పని మొదటే చేసుండాల్సింది. ఆ టీమ్ వెబ్‌సైట్‌లో పాత రోస్టర్లన్నీ (ఆటగాళ్ల జాబితాలు) ఉంటాయి, నాలుగేళ్లవి ప్రింట్ తీసి డైనింగ్ టేబుల్ మీద పరిచి, మొదటి ఏడాది ఫ్రెష్‌మెన్‌గా వచ్చిన ఒక్కో పేరూ రెండో ఏడాది కాగితంలో ఉందా, మూడో దాంట్లో ఉందా అని పెన్నుతో కొట్టేసుకుంటూ పోయా. 14 మందిలో నాలుగో కాగితం దాకా మిగిలింది ముగ్గురు. గెలిచిన మ్యాచ్‌లు, కొత్త స్టేడియం, డ్రాఫ్ట్‌కి వెళ్లినవాళ్ల ఫోటోలు అన్నీ వాళ్లే చూపిస్తారు, ఇది మాత్రం మనమే లెక్కపెట్టుకోవాలి. అరగంట పని.

విజిట్‌కి వెళ్తే కోచ్ ఎలాగూ బాగానే మాట్లాడతాడు, మీరు మాత్రం మూడో ఏడాది చదువుతూ పెద్దగా ఆడని పిల్లాడిని, వాడి అమ్మానాన్నల్ని పట్టుకోండి. మీవాడికి గేమ్ రాకపోతే కోచ్ ఎందుకని చెప్తాడా, ప్రాక్టీస్‌లో వాడికి టైమ్ ఇస్తారా, దూరం మ్యాచ్‌లకి బస్సులో సీటు ఉంటుందా అని అడగండి. వాళ్లు సమాధానానికి ముందు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారంటే అర్థం చేసుకోండి.

పిచ్చర్ల అమ్మలకి ఇంకోమాట. బాక్స్ స్కోర్లలో (మ్యాచ్ లెక్కల పట్టిక) చాలాచోట్ల పిచ్ కౌంట్, అంటే ఎన్ని బంతులు వేశాడో కూడా ఇస్తారు, శుక్రవారం వంద బంతులు దాటి వేసినవాడిని మళ్లీ ఆదివారం తెస్తున్నారా చూడండి. ఎంత పెద్ద చేయైనా చేయే కదా. కుమార్ రాకర్‌నే తీసుకోండి, వాళ్లమ్మ లలిత గారు ఇండియా మూలాలున్న ఆవిడ, మా ఇంట్లో అందుకే ఆ అబ్బాయంటే అంత ఇష్టం, 2019లో వాండర్‌బిల్ట్‌కి ఆడుతూ డ్యూక్ మీద 19 స్ట్రైకౌట్లతో నో-హిట్టర్ (అవతలి టీమ్‌కి ఒక్క హిట్ కూడా ఇవ్వని మ్యాచ్) వేశాడు, అలాంటివాడికి కూడా 2023లో మోచేతికి టామీ జాన్ సర్జరీ (మోచేతి లిగమెంట్ బాగుచేసే ఆపరేషన్) అయింది, 2024 సెప్టెంబర్‌లో గానీ ఎంఎల్‌బీ టీమ్ టెక్సాస్ రేంజర్స్‌కి మొదటి మ్యాచ్ ఆడలేకపోయాడు.

మావాడికీ మొదటి కాలేజీలోనే మోచేయి దగ్గర లాగేది, చెప్తే తీసేస్తారని భయపడి ఎవరికీ చెప్పలేదు, మాక్కూడా. జూనియర్ కాలేజీలో అలాగే నెట్టుకొచ్చాడు (ఆ ఏడాది గురించి చెడ్డగా చెప్పను, మ్యాచ్‌లు కడుపునిండా ఆడాడు, రోజర్ క్లెమెన్స్, ఆండీ పెటిట్ లాంటి పేరున్న ఎంఎల్‌బీ పిచ్చర్లు సాన్ హసింటో అనే జూనియర్ కాలేజీ నుంచి వచ్చినవాళ్లే, చిన్నచూపు చూడకండి). డివిజన్ త్రీకి వచ్చిన రెండో వారంలో అక్కడి ట్రైనర్ (ఆటగాళ్ల నొప్పులు, దెబ్బలు చూసే ఆవిడ) భోజనం దగ్గర చూసిందట, ఎడమచేతివాటం పిల్లాడు వాటర్ బాటిల్ మూత కుడిచేత్తో తిప్పుతున్నాడు. వెంటనే పక్కకి తీసుకెళ్లి అడిగింది. ఆరు వారాలు బంతి ముట్టనివ్వలేదు, కోచ్ ఒక్కమాట అనలేదు, సర్జరీ లేకుండా బయటపడ్డాం. ఆ అమ్మాయికి నేను గోంగూర పచ్చడి సీసా పట్టుకెళ్లి ఇచ్చా, ఏమివ్వాలో తెలియక.

చదువు సంగతి కూడా రోస్టర్‌లోనే దొరుకుతుంది, చాలామంది పేరు పక్కన మేజర్ (చదివే ముఖ్య సబ్జెక్ట్) ఏంటో రాస్తారు. మావాడిది కంప్యూటర్ సైన్స్, మొదటి కాలేజీ టీమ్‌లో ఇంజినీరింగ్ వైపు ఒక్కడూ లేడు, ఎందుకో వెళ్లాక తెలిసింది, ల్యాబ్‌లన్నీ మధ్యాహ్నం, ప్రాక్టీసూ మధ్యాహ్నమే. మేజర్ మార్చుకోమన్నారు. వాడు వినలేదు, అది మంచిదైంది. కాలేజీలు మారినప్పుడు 9 క్రెడిట్లు మాత్రం పోయాయి, సమ్మర్‌లో డబ్బు కట్టి మళ్లీ చదివాడు.

డివిజన్ త్రీలో ఆటకి స్కాలర్‌షిప్ ఉండదు, మార్కులకి, ఇంటి ఆదాయానికి ఇచ్చే సాయమే. లెక్కేస్తే మాకు అక్కడే తక్కువ పడింది. ఇప్పుడు డివిజన్ వన్ రూల్స్ మారాయి, 2025-26 నుంచి కొత్త ఒప్పందంలో (కోర్టు కేసు పరిష్కారంగా వచ్చింది) చేరిన కాలేజీల్లో 11.7 లిమిట్ లేదు, టీమ్‌లో 34 మంది దాకా అందరికీ స్కాలర్‌షిప్ ఇవ్వొచ్చు, కానీ ఇవ్వొచ్చు అంటే ఇస్తారని కాదు, 34 దాటితే చోటే లేదు, పైగా ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు పెట్టే చోటు) నుంచి అనుభవమున్నవాళ్లు వస్తుంటే హైస్కూల్ పిల్లలకి ఇంకా ఇరుకు. మీ కాలేజీ అందులో చేరిందో లేదో సూటిగా అడగండి. క్యాంప్‌కి రమ్మని వచ్చే ఈమెయిళ్లు చూసి మురిసిపోకండి, అవి వందలమందికి వెళ్తాయి. పదకొండో గ్రేడ్ మొదలయ్యే ముందు ఆగస్టు 1 దాకా డివిజన్ వన్ కోచ్‌లు మీ పిల్లాడితో రిక్రూటింగ్ మాటలు మాట్లాడకూడదు, ఆ తర్వాత కోచ్ తన ఫోన్ నుంచి తనే కాల్ చేస్తే అది లెక్క.

మా తోటికోడలి కొడుకు క్యాచర్, వచ్చే నెల రెండు చోట్లకి విజిట్‌కి వెళ్తున్నాడు. ఆ రెండు టీమ్‌ల నాలుగేళ్ల రోస్టర్లు ప్రింట్ తీసి పెట్టా, ఆదివారం భోజనానికి వచ్చి పెన్ను పట్టుకుని కూర్చోమన్నా.