బుల్లెట్ 350 ఫ్రేమ్‌లో 500 ఇంజన్: తక్కువ ఖర్చులో ఏ కార్బురేటర్?

పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్ 350 ఫ్రేమ్‌లో అదే తరం 500 ఇంజన్ కూర్చోబెట్టి, వెడల్పాటి హ్యాండిల్ బిగించి క్రూజర్ చేసుకుంటే అసలు డబ్బంతా ఇంజన్‌కే పోతుంది. కార్బురేటర్ దగ్గరికొచ్చేసరికి జేబు ఖాళీ. తిరుపతిలో ఈ పనికి నాలుగు దారులు కనిపిస్తాయి. 350 మీదున్న వీఎం24నే వాడేయడం, 500కి కంపెనీ ఇచ్చిన వీఎం28 కొనడం, ఆన్‌లైన్‌లో చవకగా దొరికే పీడబ్ల్యూకే నకళ్లు తెప్పించడం, యూసీఈ ఇంజన్ (ఇంజన్, గేర్‌బాక్స్ ఒకే గుల్లలో ఉండే తర్వాతి తరం) క్లాసిక్ 350 నుంచి విప్పిన బీఎస్29 పట్టుకోవడం. మా ఓటు వీఎం28కే. కొత్తదానికి డబ్బు చాలకపోతే సెకండ్ హ్యాండ్‌దైనా సరే, కానీ చూసి కొనాలి.

ముందు లెక్క చూద్దాం. 350 బోరు 70 మిల్లీమీటర్లు, స్ట్రోకు 90, అంటే 346 సీసీ. 500కి స్ట్రోకు అదే, బోరు 84, అంటే 499 సీసీ. పీల్చే గాలి 44 శాతం పెరిగింది. కార్బురేటర్ పేరులో అంకె దాని గొంతు వ్యాసం, మిల్లీమీటర్లలో. 24 నుంచి 28కి మారితే గొంతు వైశాల్యం 36 శాతం పెరుగుతుంది. ఊళ్లో తిరిగే బండికి ఇది సరిగ్గా సరిపోతుంది. అదే 32కి వెళ్తే 78 శాతం పెరుగుతుంది. అప్పుడు తక్కువ ఆర్పీఎంలో గాలి వేగం పడిపోయి, జెట్ (పెట్రోలు కొలిచి వదిలే సన్న రంధ్రపు ముక్క) నుంచి పెట్రోలు సరిగా పైకి లేవదు. గాంధీ రోడ్డు ట్రాఫిక్‌లో థ్రాటిల్ తిప్పగానే బండి ఒక్క క్షణం మూలిగి ఆగిపోతుంది. 'పెద్ద కార్బ్ వేస్తే పవర్ వస్తుంది' అనే మాట రేస్ కామ్, పెద్ద వాల్వులు ఉన్న ఇంజన్‌కి చెల్లుతుంది గానీ స్టాక్ 500కి కాదు.

వీఎం24 సంగతి తొందరగా తేల్చేయొచ్చు. బండి స్టార్టవుతుంది, ఐడ్లింగ్ కూడా బాగుంటుంది. రేణిగుంట రోడ్డెక్కి థ్రాటిల్ ముప్పావు దాటించారా, ఊపిరాడనట్టు ఆగుతుంది. మెయిన్ జెట్ ఎంత పెంచినా గొంతు పెరగదు కదా. నెలాఖరుదాకా నెట్టుకురావడానికి పనికొస్తుంది, అంతే.

వీఎం28 చెన్నై యూకాల్ వాళ్లు జపాన్ మికుని సాంకేతికతతో మిక్‌కార్బ్ పేరున చేసింది. గుండ్రటి స్లైడు (థ్రాటిల్ తిప్పితే పైకి లేచి గాలిదారి తెరిచేది), ఒక్క కేబులు, లోపల తిరిగే భాగాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. దీని అసలు విలువ జెట్లు దొరకడంలోనే ఉంది. తిరుపతి అంగళ్లలో కావాల్సిన నంబరు లేకపోయినా మద్రాసు పుదుపేటలో వెతికితే దొరుకుతుంది. సెకండ్ హ్యాండ్‌ది కొనేటప్పుడు పైమూత విప్పి స్లైడుని సగం ఎత్తి ముందుకూ వెనక్కూ కదపండి. టకటక లాడితే వదిలేయండి. ఆ సందులోంచి గాలి దూరి ఐడ్లింగ్ ఎప్పటికీ నిలవదు, ఏ జెట్ వేసినా ఆ రోగం కుదరదు. స్లైడు కింద వేలాడే వాలు కడ్డీ నీడిల్, అది దిగే నీడిల్ జెట్ రంధ్రం గుండ్రంగా కాకుండా కోలగా అరిగి ఉంటే మధ్య థ్రాటిల్‌లో పెట్రోలు తాగేస్తుంది. ఇంజన్ వైపు నోటిని అద్దం పలక మీద బోర్లించి చూడండి. ఎక్కువ బిగించినవి వంగి ఉంటాయి. కొంచెం వంపైతే అద్దం మీద ఎమెరీ కాగితం పరిచి రుద్ది సరిచేయొచ్చు. కొనే ముందు మీ హెడ్ మీది బోల్టుల మధ్య దూరం, రబ్బరు గొట్టం లోపలి వ్యాసం కొలుచుకుని వెళ్లండి. కళ్లతో చూసి కొంటే తర్వాత అడాప్టర్ చేయించడానికి లేత్ దగ్గరికి పరిగెత్తాలి.

పీడబ్ల్యూకే నకళ్లు ధరతోనే మనిషిని పడగొడతాయి. చూడ్డానికీ ముచ్చటగా ఉంటాయి. అయితే పీడబ్ల్యూకే అనేది కైహిన్ వాళ్ల డిజైను, టూ స్ట్రోక్ బండ్లలో పేరు తెచ్చుకున్నది. నకళ్లు కూడా సాధారణంగా టూ స్ట్రోక్ జెట్లతోనే, అదే నీడిల్ వాలుతోనే వస్తాయి. డబ్బాలోంచి తీసి తగిలిస్తే 500 ఇంజన్ సగం థ్రాటిల్‌లో నల్లపొగ కక్కుతుంది. జెట్ మీద 110 అని ఉన్నా రంధ్రం కచ్చితంగా అంతే ఉంటుందని నమ్మకం లేదు. పైగా కైహిన్ నంబర్లు మిల్లీమీటరులో నూరో వంతుల లెక్క, మికుని షట్కోణపు మెయిన్ జెట్ నంబర్లు పారుదల లెక్క. కైహిన్ 110 మికుని 110కి సమానం కాదు. కార్బురేటర్‌లోకి వచ్చే పెట్రోలుని ఆపే ఫ్లోట్ సూది సరిగా కూర్చోక ఓవర్‌ఫ్లో కావడం ఇంకో తద్దినం. రాత్రంతా ట్యాప్ తెరిచి ఉంచితే పెట్రోలు సిలిండర్‌లోకి దిగి, అక్కణ్ణుంచి ఆయిల్‌లో కలుస్తుంది. పొద్దున్నే డిప్ స్టిక్ వాసన చూస్తే తెలిసిపోతుంది. జెట్ల సెట్టు, ఫ్లోట్ సూది, నీడిల్ విడిగా కొని, కూర్చుని ట్యూన్ చేసే ఓపిక ఉంటే 28 సైజుది పనిచేయించొచ్చు. ఆ ఖర్చంతా కలిపి చూసుకోండి, చవక ఎంత మిగిలిందో తెలుస్తుంది.

బీఎస్29 మంచి కార్బురేటరే. వాక్యూమ్‌తో పైకి లేచే స్లైడు కాబట్టి థ్రాటిల్ ఒక్కసారిగా తిప్పినా ఇంజన్ తడబడదు, మైలేజీ కూడా బాగుంటుంది. ఇబ్బందల్లా బిగింపులోనే. రెండు వైపులా వేరే రబ్బరు గొట్టాలు కావాలి, కేబుల్ కొస వేరు, పక్కన ఉండే థ్రాటిల్ సెన్సర్‌కి పాత బండి పాయింట్ల ఇగ్నిషన్‌లో (స్పార్క్‌ని మెకానికల్ స్విచ్‌తో ఇచ్చే పద్ధతి) పనే లేదు. గుజిరీలో కొనేటప్పుడు డయాఫ్రమ్ రబ్బరుని వెలుతురుకి పట్టి చూడండి, సూది బెజ్జమంత చిల్లు ఉన్నా స్లైడు లేవదు. క్లీనర్ స్ప్రే దాని మీద పడనివ్వొద్దు, రబ్బరు ఉబ్బిపోతుంది. ఎయిర్‌బాక్స్ తీసేసి శంకు ఫిల్టర్ పెట్టే ఆలోచన ఉంటే దీని జోలికి వెళ్లకండి.

ఏది కొన్నా జెట్లు ముట్టే ముందు ఇంజన్ సరిచూడాలి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు పుష్ రాడ్లు (వాల్వులను తెరిచే కడ్డీలు) వేళ్లతో తిరగాలి, కానీ పైకీ కిందికీ ఆడకూడదు. పాయింట్ల గ్యాప్ 0.38 మిల్లీమీటర్ల దగ్గర ఉండాలి. తర్వాత ఐడ్లింగ్‌లో కార్బురేటర్‌కీ హెడ్‌కీ మధ్య అతుకు మీద డబ్ల్యూడీ40 స్ప్రే కొట్టండి. ఇంజన్ శబ్దం మారిందంటే అక్కడ గాలి దూరుతోందన్నమాట. కార్బురేటర్ తప్పు అనుకునే కేసుల్లో చాలావాటికి మూలం ఆ అతుకులో ఉండే ప్యాకింగే. పాత ఫైబర్ ప్యాకింగ్ పారేసి కొత్తది వేయండి. వేడిని ఆపేదీ అదే. అది లేకపోతే మే నెల మధ్యాహ్నం బండి ఆపి టీ తాగి వచ్చేలోపు కార్బురేటర్ అడుగున పెట్రోలు నిలిచే ఫ్లోట్ బౌల్‌లో అది మరిగి, మళ్లీ స్టార్ట్ చేయాలంటే కిక్కులు కొట్టీ కొట్టీ అలిసిపోవాలి.

వీఎం28కి మెయిన్ జెట్ 110, స్లో జెట్ 25, నీడిల్ క్లిప్ మధ్య గాడిలో, ఎయిర్ స్క్రూ ఒకటిన్నర తిప్పు. ఇక్కణ్ణుంచి మొదలుపెట్టండి. గ్రిప్ మీద పావు, సగం, ముప్పావు గీతలు టేపుతో పెట్టుకుంటే రోగం ఎక్కడుందో తెలుస్తుంది. పావులోపు స్లో జెట్, ఎయిర్ స్క్రూ. పావు నుంచి ముప్పావు దాకా నీడిల్. ఆపైన మెయిన్ జెట్. ఈ స్క్రూ గాలిది కాబట్టి లోపలికి తిప్పితే పెట్రోలు పాలు పెరుగుతుంది. బీఎస్29లో స్క్రూ పెట్రోలుది, అక్కడ బయటికి తిప్పితే పెరుగుతుంది. దీన్ని తలకిందులు చేసి గంటలు పోగొట్టుకునేవాళ్లున్నారు. వీఎం28లో ఎయిర్ స్క్రూ ముప్పావు తిప్పు కూడా తీయకుండానే ఐడ్లింగ్ బాగుంటే స్లో జెట్ ఒక సైజు పెంచాలి. రెండున్నర దాటించాల్సి వస్తే తగ్గించాలి. పొల్యూషన్ పరీక్ష ఐడ్లింగ్‌లోనే చేస్తారు గనక పాసవ్వడం, ఫెయిలవ్వడం ఈ స్క్రూ చేతిలోనే ఉంది.

ఇప్పుడు బంకుల్లో దొరికేది ఈ20 పెట్రోలు, అంటే ఇరవై శాతం ఇథనాల్ కలిపినది. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి పాత పెట్రోలుకి సరిపోయిన జెట్లు ఇప్పుడు కాస్త లీన్‌గా (పెట్రోలు పాలు తక్కువగా) నడుస్తాయి. 110తో పూర్తి థ్రాటిల్‌లో ప్లగ్ తెల్లగా కనిపిస్తే 115 వేయండి. నెలలపాటు నిలబెట్టే బండైతే బౌల్ ఖాళీ చేసి పెట్టండి. లేకపోతే ఇథనాల్ పీల్చిన తేమకి అడుగున తెల్లటి పొడి పేరుకుని స్లో జెట్ మూసుకుపోతుంది.

ట్యూనింగ్ కుదిరిందో లేదో చెప్పేది తిరుమల కొండ దారే. ఎక్కేటప్పుడు రెండో ఘాట్‌లో మూడో గేరులో సగం థ్రాటిల్‌తో లాగించి చూడండి. ఊగుతూ లాగితే క్లిప్‌ని ఒక గాడి కిందికి దించాలి, అప్పుడు నీడిల్ పైకి లేస్తుంది. తిరుమల ఎత్తు సుమారు 850 మీటర్లు. పైన గాలి పలచబడి మిశ్రమం కాస్త రిచ్ (పెట్రోలు పాలు ఎక్కువ) అవుతుంది గానీ దానికోసం జెట్ మార్చక్కర్లేదు. దిగేటప్పుడు మొదటి ఘాట్‌లో థ్రాటిల్ పూర్తిగా మూసి ఇంజన్ బ్రేకింగ్ మీద వస్తుంటే సైలెన్సర్ పటపటమంటుందా? ముందు సైలెన్సర్ అతుకు చూడండి. అక్కడ లీకేజీ లేకపోతే ఎయిర్ స్క్రూ పావు తిప్పు లోపలికి.

ఇంకో మాట. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఇంజన్ మార్పు ఆర్సీలో ఎక్కాలి, సీసీ మారితే అనుమతి దగ్గరే చిక్కు వస్తుంది. ఇంజన్ కొనకముందే ఆర్టీవో ఆఫీసులో అడిగేయండి.

అంతా బిగించాక హ్యాండిల్‌ని ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పి చూడాలి. వెడల్పు హ్యాండిల్‌కి పాత కేబుల్ పొట్టి అవుతుంది. హ్యాండిల్ తిప్పగానే ఐడ్లింగ్ పెరిగితే కేబుల్ లాగుతోందని అర్థం. ఘాట్ మలుపులో అది ప్రమాదం. పొడుగు కేబుల్ వేయించి, గ్రిప్ దగ్గర రెండు మిల్లీమీటర్ల ఖాళీ ఉంచండి.