రోటెన్‌బుర్గ్‌లో ఒక రోజు నడక: ముందు కోటగోడ, తర్వాతే మార్కెట్

జర్మనీలో బవేరియా రాష్ట్రంలో ఉన్న రోటెన్‌బుర్గ్ ఒబ్ డేర్ టౌబర్‌కి వచ్చేవాళ్ళు చాలామంది బస్సు దిగి నేరుగా మార్కెట్ దగ్గరికి వెళ్తారు. టౌన్‌హాల్ ముందు ఒక ఫొటో, క్రిస్మస్ దుకాణంలో కాసేపు, ప్లోన్‌లైన్ అనే చిన్న కూడలి దగ్గర ఇంకో ఫొటో, మూడు గంటల్లో తిరుగు ప్రయాణం. అలా చూస్తే ఇది బాగా ముస్తాబు చేసిన బజారులాగే ఉంటుంది. కోటగోడ మీద నుంచి మొదలుపెడితే మాత్రం రోజంతా సరిపోయేంత సరుకు ఉంది. అందులో అన్నిటికన్నా బాగున్న భాగానికి టికెట్టే లేదు.

రైలు టికెట్టు కొనేటప్పుడు పేరు పూర్తిగా చూసుకోండి. రోటెన్‌బుర్గ్ పేరుతో వేరే ఊళ్ళూ ఉన్నాయి. ఒబ్ డేర్ టౌబర్ అంటే టౌబర్ నదికి పైన, ఎత్తున ఉన్నది అని. ఎటు నుంచి వచ్చినా చివర్లో ష్టైనాఖ్‌లో రైలు మారాల్సిందే. వ్యూర్ట్స్‌బుర్గ్ నుంచి మొత్తం గంటా పది నిమిషాలు పడుతుంది, అందులో ష్టైనాఖ్ తర్వాతది పావుగంట. ఆ చిన్న రైలు గంటకొకటే. ముందు రైలు పది నిమిషాలు ఆలస్యమైతే చాలు, ఇది వెళ్ళిపోతుంది, ఆ చిన్న స్టేషన్లో గంటసేపు కూర్చోవాలి. నీళ్ళు, తినడానికి ఏదో ఒకటి సంచిలో ఉండాలి. బాయర్న్ టికెట్ (బవేరియా అంతటా చెల్లే ఒకరోజు పాసు) చౌకగా పడుతుంది గానీ, పనిరోజుల్లో ఉదయం 9 తర్వాతే చెల్లుతుంది, అదీ రీజినల్ రైళ్ళలోనే.

స్టేషన్ నుంచి పది నిమిషాలు పడమరకు నడిస్తే ర్యోడర్‌టోర్ అనే ద్వారం. దాని దగ్గరే గోడ మీదకు రాతి మెట్లున్నాయి. ఎక్కాక ఉత్తరానికి, అంటే కుడి చేతి వైపుకు నడవండి. నడవడానికి వీలున్న దారి మొత్తం సుమారు రెండున్నర కిలోమీటర్లు. పైన పెంకుల కప్పు ఉంది కాబట్టి వానలోనూ నడవొచ్చు. బయటి వైపు బాణాలు వేసే సన్నని కంతలు, ఊరి వైపు చెక్క కటకటాలు. ఎదురుగా ఎవరైనా వస్తే ఒకరు పక్కకు ఒదగాలి. వీపు మీద పెద్ద బ్యాగు ఉంటే ఇద్దరికీ ఇబ్బందే. దూలాలు కొన్నిచోట్ల బాగా కిందకు ఉంటాయి, పొడుగువాళ్ళు తల చూసుకోవాలి. పిల్లల బండి ఇక్కడ పనికిరాదు. దిగే మెట్లు ద్వారాల దగ్గర, కొన్ని బురుజుల దగ్గర మాత్రమే ఉంటాయి, మధ్యలో అలిసిపోతే తదుపరి మెట్ల దాకా నడవక తప్పదు. తడిసిన రోజున ఈ మెట్లు జారతాయి, అరిగిన అడుగున్న బూట్లు వద్దు.

ఈ తూర్పు భాగంలో గోడలో పొదిగిన రాతి పలకలు చూసి దాటిపోకండి. ఒక్కో దాని మీద ఒక పేరు, ఊరు లేదా దేశం, దాని కింద ఎన్ని మీటర్లో ఆ అంకె. 1945 మార్చి 31న అమెరికా విమానాల బాంబులకు ఈ వైపు తగలబడిపోయింది. 300కు పైగా ఇళ్ళు, తొమ్మిది బురుజులు, 600 మీటర్లకు పైగా గోడ పోయాయి. తిరిగి కట్టడానికి మీటరుకు ఇంత అని ప్రపంచం నలుమూలల నుంచీ చందాలు వచ్చాయి. ఆ దాతల పేర్లే ఇవి. జపాన్ పేర్లు, అమెరికా పేర్లు పక్కపక్కనే కనిపిస్తాయి. ఇది తెలిశాక గోడ మీద నుంచి ఇళ్ళ కప్పులు చూడండి. ఈ వైపు ఇళ్ళు సాదా సున్నపు గోడలతో, ఒకే తీరుగా ఉంటాయి. పడమటి సగానికి పోయేకొద్దీ ముందు గోడలు వంకర్లు పోతాయి, ఏ ఇంటి ఎత్తు దానిదే. ఏది పాతదో, ఏది మళ్ళీ కట్టిందో చెప్పడానికి ఇంతకన్నా మంచి చోటు ఊళ్ళో లేదు. మార్కెట్‌తో మొదలుపెట్టినవాళ్ళకు ఈ తేడా తెలియకుండానే రోజు అయిపోతుంది.

క్లింగెన్‌టోర్ అనే ద్వారం దగ్గర దిగిపోండి. పడమటి అంచున ఇలాంటి నడకదారి లేదు, అటు లోయే రక్షణ. అక్కడి నుంచి క్లింగెన్‌గాస్ వీధి నేరుగా వెళ్ళి సెయింట్ యాకోబ్ చర్చి కిందుగా దూరుతుంది. నిజంగానే కిందుగా, చర్చి పడమటి భాగాన్ని వీధి మీద వంతెనలా కట్టారు. ఊళ్ళో ఒకే ఒక్క టికెట్టు కొనదలిస్తే ఈ చర్చికే కొనండి. చాలామంది కింద హాలు చూసి వెళ్ళిపోతారు, అసలైనది మేడ మీద, ఆర్గన్ వాద్యం వెనక, సరిగ్గా ఆ వీధికి పైన ఉంది. శిల్పి టిల్మాన్ రీమన్‌ష్నైడర్ 1500 ప్రాంతంలో మొదలుపెట్టి 1505కల్లా చెక్కిన పవిత్ర రక్త బలిపీఠం అది. లిండెన్ చెక్క, రంగు వేయలేదు. చివరి విందు దృశ్యంలో మధ్యన నిలబడ్డది యేసు కాదు, ఆయన్ని పట్టిచ్చిన శిష్యుడు, చేతిలో డబ్బు సంచి పట్టుకున్న యూదా. బొమ్మల వెనక చిన్న చిన్న గుండ్రటి గాజు పలకలు పెట్టాడు. వెనక నుంచి పడే వెలుగుకు గడ్డాల మెలికలు, చొక్కా మడతలు ఒక్కొక్కటిగా విడివడి కనిపిస్తాయి. అందుకే మబ్బు రోజు కన్నా ఎండ రోజు మేలు. కింద ఉన్న ప్రధాన పీఠం 1466 నాటిది. దాని వెనక్కి వెళ్తే ఆనాటి ఈ ఊరి మార్కెట్ బొమ్మ కనబడుతుంది. ఆదివారం ఉదయం ప్రార్థన జరిగేటప్పుడు లోపల తిరగనివ్వరు.

మార్కెట్‌కి అరగంట చాలు. పాత మద్యశాల గోడ మీద గడియారంలో ఉదయం 10 నుంచి రాత్రి 10 దాకా గంట గంటకూ కిటికీలు తెరుచుకుంటాయి. 1631లో మాజీ మేయర్ నూష్ మూడుంపావు లీటర్ల వైన్ ఒక్క గుక్కలో తాగి శత్రు సైన్యం నుంచి ఊరిని కాపాడాడన్న కథ బొమ్మలది. అవి మెల్లగా చెయ్యెత్తి దించుతాయి, అంతే. దాని కోసం అరగంట ముందు వచ్చి నిలబడొద్దు. టౌన్‌హాల్ బురుజు 220 మెట్లు. చివర నిటారు చెక్క మెట్లెక్కి చిన్న తలుపులోంచి బయటపడాలి, పైన చోటు ఇరుకు, అందుకే వరుస నెమ్మదిగా కదులుతుంది. గోడ మీద నడిచినవాళ్ళు దీన్ని మానేసినా నష్టం లేదు. నేరాలు, శిక్షల మ్యూజియం మాత్రం నిజంగా పెద్దది, రెండు గంటలు తింటుంది. వాన పట్టిన రోజుకు దాచుకోండి.

దుకాణాల అద్దాల వెనక పేర్చిన ష్నేబాలెన్ అనే ఉండల్లాంటి పిండివంట గురించి ఒక మాట. పిండిని పలచగా ఒత్తి, పట్టీలుగా కోసి, పుల్లతో వదులుగా చుట్టి, గుండ్రటి ఇనుప అచ్చులో పెట్టి నూనెలో వేయిస్తారు. గుడ్లు ఉంటాయి, పాత పద్ధతిలో ప్లమ్ పళ్ళ సారా కూడా కాస్త పోస్తారు. తిననివాళ్ళు అడిగి కొనండి. చాక్లెట్ పూసినవి చూడ్డానికి బాగుంటాయి గానీ, ఆ పూత కింద పిండి రుచే తెలియదు. పంచదార పొడి చల్లిన మామూలుది తీసుకోండి. అది కూడా పొడిపొడిగానే ఉంటుంది, కాఫీతో అయితే దిగుతుంది. ఇద్దరికి ఒకటి సరిపోతుంది.

ప్లోన్‌లైన్ దగ్గర దారి రెండుగా చీలుతుంది. ఎదురుగా జీబర్స్‌టుర్మ్ అనే బురుజు, కుడి పక్కన దిగువకు కోబోల్ట్‌సెల్లర్ ద్వారం. ఫొటో దక్షిణం వైపు తీయాలి, మధ్యాహ్నం సూర్యుడు కళ్ళల్లోనే ఉంటాడు, ఆకాశం తెల్లగా పోతుంది. పొద్దున్నే గానీ, సాయంత్రం గానీ తీయండి. మిట్టమధ్యాహ్నం దిగువ ద్వారం గుండా లోయలోకి వెళ్ళడం మంచిది. సుమారు 60 మీటర్లు దిగితే రెండు వరసల కమానులున్న రాతి వంతెన, దాన్ని డోప్పెల్‌బ్రూకె అంటారు. ఊరి అసలు రూపం కనిపించేది అక్కడి నుంచే. కొండ అంచున బురుజులన్నీ ఒక్క వరసలో ఉంటాయి. జనం ఇక్కడిదాకా రారు. నది వెంట ఇంకాస్త నడిస్తే 1388 నాటి టోప్లర్ మేడ, కింద సన్నటి రాతి బురుజు, దాని మీద వెడల్పాటి ఇల్లు. తిరిగి ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు లోయ మానేసి పడమటి చివరి కోట తోట నుంచే చూడొచ్చు.

పైకి వచ్చాక ష్పిటాల్‌గాస్ వీధి చివర దక్షిణ ద్వారం దగ్గర మళ్ళీ గోడెక్కితే అది ర్యోడర్‌టోర్ దాకా తీసుకెళ్తుంది, స్టేషన్ అక్కడి నుంచి పది నిమిషాలే. మొత్తం నడక సుమారు 8 కిలోమీటర్లు, చాలా భాగం గులకరాళ్ళ బాట. చక్రాల సూట్‌కేసు లాగే ఆలోచన వద్దు. ఆదివారం సూపర్‌మార్కెట్లు మూసి ఉంటాయి. మరుగుదొడ్లకు నాణేలు ఉంచుకోండి. రాత్రి కాపలావాడి వేషంలో ఉన్న గైడు ఊరు చూపిస్తూ ఇంగ్లీషులో నడిపించే నడక మార్కెట్ దగ్గర రాత్రి 8కి మొదలై సుమారు గంటసేపు ఉంటుంది, అప్పటికి బస్సులన్నీ వెళ్ళిపోయి వీధులు ఖాళీ అవుతాయి. అది కావాలనుకుంటే రాత్రి చివరి రైలు ఎప్పుడో, ష్టైనాఖ్‌లో దానికి అందే రైలు ఉందో లేదో పొద్దునే చూసి పెట్టుకోండి. లేకపోతే గోడ లోపలే గది తీసుకోవాలి.